మూడో సెట్టు

మే 6

అన్నయ్య మీద అరిచాను. ఈరోజు నోరు అదుపులో పెట్టుకోవాలి అనుకుని లేచిన రోజునే ఇలా అవుతుంది.

ఉక్కు బారుని రంగున్న వైపు నుంచి కోశాడు. ఇరవై రెండేళ్ల కిందట, అత్తారింటి నుంచి పెట్టెతో తిరిగొచ్చిన మర్నాడే నన్ను ఏడుస్తూ కూర్చోనివ్వకుండా ఈ షాపుకి తీసుకొచ్చి చెప్పిన మొదటి పాఠం అదే. చివర పసుపు రంగున్నది ఇంజను బోల్టులకు వాడే గట్టి ఉక్కు. నీలం రంగుది స్టాండ్లకీ బిగింపులకీ వాడే మామూలు ఉక్కు. రంగు లేకపోతే రెండూ ఒకేలా ఉంటాయి, కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. అందుకని ఎప్పుడూ రంగు లేని వైపు నుంచే కోసుకు రావాలి, ఆఖరి ముక్క దాకా రంగు మిగలాలి. ఆ పాఠం చెప్పిన మనిషే ఈరోజు రంగు ముక్కను కోసి తుక్కు డబ్బాలో వేసి, ఆ డబ్బాను తుక్కు కొనేవాడికి ఇచ్చి పంపాడు.

"పసుపుదా, నీలందా?" అని అడిగితే కాసేపు ఆలోచించాడు. కళ్లు మసకబారి ఏడాదవుతోంది. ఆపరేషన్ మాటెత్తితే రేడియో సౌండు పెంచుతాడు.

"గుర్తు రావట్లేదే. పక్కన పెట్టెయ్. స్టాండ్లకి వాడుకుందాం."

"నెలాఖరుకి మూడు సెట్లు బోల్టులు ఇవ్వాలి. దీన్ని పక్కన పెడితే ఎక్కడి నుంచి తేను, గాల్లోంచి తీయనా?"

"అయితే గ్రైండరు మీద పెట్టి నిప్పురవ్వలు చూడు. ఏ ఉక్కో రవ్వలే చెబుతాయి."

గ్రైండరు రాయి పోయిన వారమే బీటలు వారింది, కొత్తది రావాలి. బారుని తాడుకి వేలాడదీసి రెంచితో కొట్టి విన్నాను. గట్టి ఉక్కు మోతే. ఇన్నేళ్లుగా వింటున్న చెవులు నావి. పసుపు రంగు డబ్బా తెచ్చి చివర పూశాను.

నాకు అనుమానం లేదు.

మే 16

ఇరవై నాలుగు బోల్టులూ అయ్యాయి. ఒక్కో ఇంజనుకి ఎనిమిది. చిటికెన వేలంత ఉంటాయి, కానీ పిస్టన్ కింద ఊగే రాడ్డుని క్రాంకు ఇరుసు మీద నుంచి జారకుండా పట్టుకునేవి ఇవే. నిమిషానికి ఏడువేల సార్లు లాగినా వదలకూడదు. ఒక్కటి వదిలితే రాడ్డు ఇంజను గోడ బద్దలు కొట్టుకుని బయటికొస్తుంది.

లేతు మీద పని బాగా కుదిరింది. ఉక్కు కాస్త మెత్తగా తెగింది, కొత్త పనిముట్టు కదా.

మొదటి సెట్టు టోపీ ఆయనది. నిద్రలో కూడా ఆ టోపీ తీయడేమో. రెండోది మా పిడుగుది. అన్నయ్య కూతురు, వదిన పోయాక నేను పెంచిన పిల్ల. చిన్నప్పుడు సైకిలు బ్రేకులు విప్పి దాచేది, ఇప్పుడు రేసు బండి తోలుతోంది. మూడోది మాస్టారిది. కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. పాత ఎర్ర కారు ఒకటి కొని ఎనిమిదేళ్లుగా దాని చుట్టూ తిరుగుతున్నాడు. పిల్లకి సంబంధం చూసినట్టు ప్రతి నట్టు గురించీ వాకబు చేస్తాడు.

అన్నయ్య భూతద్దం పెట్టుకుని ఒక్కో బోల్టు పొడవూ కొలిచి పుస్తకంలో రాశాడు. ఆ పని ఆయన నన్ను చేయనివ్వడు. వేగం లేకపోయినా ఒక్క అంకె తప్పు రాయడు.

మే 20

బోల్టుల్ని కాల్చి గట్టిపరిచే కొలిమి షాపు పెద్దాయన ఫోన్ చేశాడు. "ఈసారివి కాస్త మెత్తగా వచ్చాయమ్మా. బారు గానీ మార్చారా?"

"మేమేం మార్చలేదు. మీ కొలిమి వేడి సరిచూసుకోండి" అన్నాను.

"సరే, మరీ పనికిరాకుండా ఏం లేవులే" అన్నాడు. పంపెయ్యమన్నాను. ఆయనకీ వయసైపోతోంది.

మే 29

మూడు సెట్లూ ఇచ్చేశాను. మాస్టారు తన బోల్టుల్ని మెత్తటి గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్లాడు.

జూన్ 17

టోపీ ఆయన బండిని ట్రక్కు మీద వేసుకొచ్చాడు. ఇంజను పక్కన నా పిడికిలి దూరేంత కన్నం. మనిషికి దెబ్బలు లేవు. ఖాళీ రోడ్డు మీద తోలుతుండగా పోయిందట.

"మీ బోల్టు తెగిందండీ" అన్నాడు, నేలచూపులు చూస్తూ. ఏదో తానే తప్పు చేసినట్టు.

నేను ఊరుకుంటానా. "ఎంత దాకా తొక్కారు? ఏడువేలు దాటించలేదని మీ పిల్లల మీద ఒట్టేయండి చూద్దాం" అన్నాను. ఆయన ఒట్టేయలేదు. తొక్కే అలవాటున్న మనిషని ఊరంతటికీ తెలుసు. చివరికి టోపీ సర్దుకుని "కొంచెం తొక్కానేమో లెండి" అన్నాడు. ఇంజను ముక్కలు ఇక్కడే వదిలి వెళ్లాడు.

గెలిచినందుకు సంతోషంగా ఉండాలి.

జూన్ 18

అన్నయ్య భోజనానికి వెళ్లాక తెగని ఏడు బోల్టులూ తీసి కొలిచాను. ఆయన రాసిన పొడవులతో పోల్చాను. రెండు సరిగ్గా ఉన్నాయి. అయిదు పెరిగాయి.

ఎక్కువేం కాదు, వెంట్రుక మందం. కానీ మంచి బోల్టు లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. వెనక్కి రాని బోల్టుని "పెరిగింది" అంటాం. పిల్లలు పెరిగితే ముచ్చట. బోల్టు పెరిగితే దాని పని అయిపోయినట్టే, ఎప్పుడు తెగుతుందన్నదే మిగులుతుంది.

అతిగా తొక్కినా పెరుగుతాయి. మంచి ఉక్కయినా సరే.

బోల్టుల్ని బిస్కెట్ల డబ్బాలో వేసి పై అరలో పెట్టాను. అన్నయ్య చేతికి అందని అర.

జూన్ 19

తొక్కాడు. తొక్కే ఉంటాడు.

జూన్ 23

గ్రైండరు రాయి వచ్చింది. బిగించాను. ఆ బారులో మూరెడు ముక్క ఇంకా స్టాండులో ఉంది. నిప్పురవ్వలు చూడాలంటే పది నిమిషాల పని.

ఈరోజు తీరిక దొరకలేదు.

జూన్ 24

తీరిక లేదు.

జూన్ 25

పిడుగు వచ్చింది. వచ్చే నెల ఆరున కొండ రోడ్డు పోటీ, పేరిచ్చిందట. మాస్టారు కూడా ఇచ్చాడట, ఆయనకిదే మొదటిసారి. "మాస్టారు హెల్మెట్టు కొనుక్కుని అద్దంలో చూసుకుంటున్నాడంట, వాళ్లావిడ చెప్పి ఒకటే నవ్వు" అంది. అన్నయ్య పడీపడీ నవ్వాడు.

"బండి ఎలా ఉందే?" అని అడిగాను.

"గుర్రంలా ఉంది అత్తా. నీ చేతి పని కదా."



జూన్ 27

అన్నయ్యని కళ్లజోడు షాపుకి పంపి గ్రైండరు ఆన్ చేశాను. ముందు పసుపు రంగున్న మంచి బారు ఆనించాను. తర్వాత నేను రంగు పూసిన ముక్క. తర్వాత నీలం బారు. మళ్లీ మొదటి నుంచి. మొత్తం నాలుగుసార్లు.

నేను పూసిన ముక్క రవ్వలు నీలం బారు రవ్వల్లానే చిట్లాయి.

మామూలు ఉక్కు. స్టాండ్లకు వాడేది.

జూన్ 28

ఆ బారు కోసింది నేను కాదు. రంగున్న వైపు నుంచి కోయకపోతే ఇదంతా వచ్చేదే కాదు. కళ్లు చూపించుకో అని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. నేను బయటపెడితే మాట పడేది ఆయనే. ఈ వయసులో ఆయన పేరు నలుగురి నోళ్లలో నానడం నేను చూడలేను. నా గురించి కాదు, ఆయన గురించే నా బాధంతా.

రంగు పూసింది నేనే, నిజమే. పక్కన పెట్టెయ్యమన్నాడు, అదీ నిజమే.

జూన్ 30

మాస్టారికి ఫోన్ చేశాను. మొత్తం చెప్పేద్దామనే చేశాను. నా గొంతు వినగానే ఆయన మొదలుపెట్టాడు, ఇంజను ఎంత బాగా పలుకుతోందో, పక్కింటివాళ్లు కూడా వచ్చి విన్నారట. మధ్యలో మాట జొప్పించే సందు ఇవ్వలేదు. సందు ఇచ్చాడు, ఒకసారి, "ఇంతకీ ఎందుకు చేశారమ్మా?" అన్నాడు.

"ఆయిలు మార్చారా అని" అన్నాను.

"మార్చాను. మీరింత శ్రద్ధగా కనుక్కుంటుంటే నాకింక దిగులెందుకు" అన్నాడు.

జూలై 2

ఎనిమిది మంచి బోల్టులు చేసి పిడుగు బండికి మార్చేద్దామనుకున్నాను. "ఎందుకు మార్చడం?" అంటుంది. దానికి జవాబు చెప్పకుండా ఇంజను విప్పనివ్వదు. దానికి చెబితే వాళ్ల నాన్నకి చెబుతుంది. వాళ్ల నాన్న టోపీ ఆయనకి స్వయంగా ఫోన్ చేస్తాడు, మాస్టారి ఇంటికి నడుచుకుంటూ వెళ్తాడు. ఆయన అలాంటి మనిషి. తర్వాత వచ్చి ఈ స్టూలు మీద కూర్చుని నా వంక చూస్తాడు. తిట్టడు కూడా.

పోటీకి ఇంకా నాలుగు రోజులుంది.

జూలై 4

మూడు సెట్లు. ఒకటి పోయింది. మిగిలినవి రెండు. ఒకవేళ ఆ రెండూ బాగానే ఉన్నాయేమో. టోపీ ఆయనవాటిలో కూడా రెండు బోల్టులు పెరగలేదు కదా.

జూలై 5

రేపు అక్కడికి వెళ్లి, ఇద్దరినీ పక్కకి పిలిచి చెప్తాను. నిర్ణయించుకున్నాను.

జూలై 6

పిడుగు క్షేమం.

జూలై 7

రాయాలి. నిన్న ఒక్క ముక్క రాసి మూసేశాను.

నిన్న పొద్దున ఆరున్నరకే కొండ కింద మైదానానికి చేరాను. బళ్లు వరసగా నిలబెట్టారు. పిడుగు బండి పక్కనే మాస్టారి ఎర్ర కారు. పిడుగు హాజరు వేయించుకోవడానికి వెళ్లింది. "బోనెట్ తీసి ఒకసారి చూసిపెట్టత్తా" అని తాళం నా చేతిలోనే పెట్టింది. తీశాను. పాత బండి కదా, ప్లగ్గులకి మెరుపు పంచే డబ్బా మూత తీస్తే లోపల రోటరు ఉంటుంది, బొటనవేలంత ముక్క. అది లేకపోతే బండి గింజుకుంటుంది తప్ప లేవదు. తీసి ఏప్రాన్ జేబులో వేసుకుని మూత పెట్టేశాను. అర నిమిషం పట్టింది. చెప్పాల్సిన అవసరం లేకుండా పని అయిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది.

మాస్టారు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. వాళ్లావిడ మడత కుర్చీలో కూర్చుని ఆయన చొక్కా గుండీ కుడుతోంది, ఒంటి మీదే. "కదలకండి, గుచ్చుకుంటుంది" అంటోంది. ఆయన "కదలట్లేదు, భయంతో వణుకుతున్నాను" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

తర్వాత ఆవిడ నీళ్ల కోసం వెళ్లింది, ఆయన నిర్వాహకుల టెంటులోకి వెళ్లాడు. ఎర్ర కారు బోనెట్ తెరిచే ఉంది. అందులోనూ అదే డబ్బా, అదే మూత. దాని పక్కన నిలబడ్డాను. నాలుగు నిమిషాలు ఉండొచ్చు. పక్కపక్కనున్న రెండు బళ్లూ ఒకేసారి లేవకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. పిడుగు కంటే తెలివైనవాళ్లు అక్కడ లేరు, ముందు పిడుగుకే వస్తుంది. అదీ నేను ఆలోచించింది. చెయ్యి మూత మీద పెట్టాను, తీసేశాను.

ఆయన తిరిగొచ్చాక, "ఆరువేలు దాటించకండి మాస్టారూ" అన్నాను.

"మీ బోల్టులుండగానా?" అని హెల్మెట్టు పెట్టుకున్నాడు.

పిడుగు బండి లేవలేదు. ఏడుపొక్కటే తక్కువ దానికి. దాని వంతుకి మాస్టారిని పిలిచారు. ఎర్ర కారు కొండెక్కుతున్న చప్పుడు కింద నుంచి వింటూ నిలబడ్డాం. బాగా పలుకుతోంది. మొదటి మలుపు, రెండో మలుపు. ఆరువేలు దాటడం నాకు చెవికి తెలిసింది. మూడో మలుపు దగ్గర చప్పుడు తెగిపోయింది. దాని తర్వాత ఇంకో చప్పుడు.

మాస్టారి భార్య చేతిలో నీళ్ల సీసా అలాగే ఉంది. "ఆపాడా? ఎందుకాపాడు?" అని నన్నడిగింది.

జూలై 9

మాస్టారి ప్రాణానికి ఫర్వాలేదన్నారు. ఇంజను పగిలి ఆయిలంతా వెనక టైర్ల కింద పడిందట, బండి జారి రాతి గోడకి గుద్దుకుంది. నడుము కింద స్పర్శ లేదు. వస్తుందో రాదో రెండు నెలలు చూడాలంటున్నారు.

ఆసుపత్రికి అన్నయ్య వెళ్లాడు. నేను అర్జెంటు పని ఉందన్నాను.

జూలై 10

అర్జెంటు పని ఏమీ లేదు. లేతు ఖాళీగా తిప్పుతూ కూర్చున్నాను.

జూలై 14

మాస్టారి భార్య ఇంజనుని షాపుకి పంపించింది, వెనకే తనూ వచ్చింది. అన్నయ్య స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు.

"ఏం జరిగిందో మీరే విప్పి చెప్పాలక్కా. వేరేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు" అంది. "ఆయన మంచం మీద నుంచి ఒకటే మాట, నేనే ఎక్కువ తొక్కేశాను, ఆవిడ ముందే చెప్పింది, నేనే వినలేదు అని. రాత్రీ పగలూ అదే. అది నిజమో కాదో తెలిస్తే నేనాయనకి ఏదో ఒకటి చెప్పుకుంటాను."

విప్పాను. ఒక బోల్టు తెగింది. మిగిలినవి ఆవిడ ఎదుటే కొలిచాను. పెరిగాయి, అన్నీ. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. "ఆయన తొక్కిన మాట నిజమే" అన్నాను.

అది అబద్ధం కాదు. నేను విన్నాను కదా, ఆరువేలు దాటడం.

అన్నయ్య చెయ్యి చాపాడు. తెగిన ముక్కని ఇమ్మన్నాడు. కళ్లు పనిచేయకపోయినా ఆ వేళ్లు పనిచేస్తాయి. తెగిన చోట సన్నబడి లాగిన మెడని వేలితో తడిమాడు, ఇంకోసారి తడిమాడు. మంచి ఉక్కు అలా తీగలా సాగి తెగదు.

"ఆయన తప్పు కాదమ్మా" అన్నాడు ఆవిడతో. "ఆ బారుని రంగున్న వైపు నుంచి కోసింది నేను. నా కళ్లు సరిగా లేవు. పనికిరాని ఉక్కు మీ ఇంజన్లోకి వెళ్లింది. ఇంటికెళ్లి ఆయనకి అదే చెప్పండి."

ఆవిడ లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అన్నయ్య తెగిన ముక్కని నా చేతిలో పెట్టాడు. తర్వాత ఎవరు రంగు పూశారన్న మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జూలై 15

అన్నయ్య షాపుకి రాలేదు.

జూలై 18

అన్నయ్య రాలేదు. టోపీ ఆయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. రెండు ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు. పిడుగు వాళ్ల నాన్నతో మాట్లాడటం లేదట. కళ్లు కనపడవని తెలిసీ ఎందుకు కోశావు అని కేకలేసిందట. ఆయన మాట పడ్డాడు.

ఈ గొడవ సద్దుమణిగాక దానికి నిజం చెప్తాను. ఇప్పుడు చెబితే ఇద్దరి మనసులూ ఇంకా విరిగిపోతాయి.

జూలై 21

పిడుగు వచ్చింది. కూర్చోలేదు. నా నోరు కట్టని కుళాయి అని చిన్నప్పటి నుంచీ వేళాకోళం ఆడే పిల్ల, ఈరోజు నా వంక పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

"నా బండిలో రోటరు లేదత్తా. ఈ గొడవల్లో బండి ముట్టుకోలేదు, నిన్న మూత విప్పితే తెలిసింది."

నేను లేతు ఆపలేదు. అదే స్విచ్చి నొక్కి ఆపింది.

"నాన్నకి ఏమీ తెలీదు. తెలిసుంటే నన్ను ఆ బండి ఎక్కనిచ్చేవాడు కాదు, మాస్టారినీ ఎక్కనిచ్చేవాడు కాదు. బండి ఆపిన మనిషికి తెలుసు. ఆ రోజు తాళం నీ చేతికిచ్చాను."

"నిన్ను కాపాడుకున్నానే" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, ఆ మాటకి అది నన్ను కౌగిలించుకుంటుందని ఆశపడ్డానేమో.

"నాకోసమని ఆపావు. మరి ఆయనకెందుకు చెప్పలేదు?"

"టైమ్ లేకపోయింది."

"నా బండికి టైమ్ దొరికింది కదా. ఆయన బండి పక్కనే ఉంది కదత్తా. ఎందుకు చెప్పలేదు?"

మీ నాన్న పరువు కోసం అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. షాపు పోతుందని భయమేసింది అన్నాను. నాకు నేనే ఒప్పుకోలేకపోయాను అన్నాను, అది కొంచెం నిజమే. అది ఇంకా జవాబు కోసం చూస్తూనే నిలబడింది. కాసేపటికి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరగకుండా, "నాన్నకి నువ్వే చెప్పు. రేపటి దాకా ఆగుతాను" అని వెళ్లిపోయింది.

అది అడిగినదానికి జవాబు ఇక్కడైనా రాయాలి. మూడుసార్లు రాసి కొట్టేశాను. ఎర్ర కారు పక్కన నిలబడ్డ ఆ నాలుగు నిమిషాల్లో నేను అన్నయ్య గురించి గానీ, షాపు గురించి గానీ అనుకోలేదు. మా పిల్ల క్షేమం, ఇంక చాలు అనుకున్నాను. మాస్టారు నాకు ఏమీ కాడు.